వరసగా రెండు క్రూజ్‌లు వెళ్తున్నారా? సేఫ్టీ డ్రిల్ గురించి మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఈమధ్య క్రూజ్ మాట బాగా వినిపిస్తోంది. పిల్లలు సింగపూర్‌లోనో అమెరికాలోనో ఉంటారు. అమ్మానాన్నలు ఎలాగూ అంత దూరం వస్తున్నారు కదా అని ఒకే ఓడలో వరసగా రెండు ట్రిప్పులు బుక్ చేస్తారు. వీసా, సామాన్లు, శాకాహారం సంగతులు అడిగి తెలుసుకున్నాక అందరూ ఆగేది ఒక్క దగ్గరే: "మొదటి వారం డ్రిల్ చేశాం కదా, మళ్లీ ఎందుకు?" దాని చుట్టూ ఇంకో ఇరవై సందేహాలు. అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## టికెట్ తీసుకునే ముందు

"మా అబ్బాయి ఒకే ఓడకి రెండు బుకింగ్ నంబర్లు పంపాడు. ఇది ఒక ప్రయాణమా, రెండా?"

మీకు ఒకటే, ఓడకి రెండు. మొదటి ట్రిప్పు ముగిసిన రోజే అదే ఓడలో రెండోది మొదలవుతుంది. దీన్నే బ్యాక్ టు బ్యాక్ అంటారు. బుకింగ్ వేరు, బిల్లు వేరు, చాలా ఓడల్లో క్యాబిన్ తాళంగా, గుర్తింపుగా ఇచ్చే కార్డు కూడా వేరు. క్యాబిన్‌లోంచి ఒక్క చీర కూడా సర్దకపోయినా, ఓడ కాగితాల్లో మీరు ఒక ప్రయాణం ముగించి ఇంకోటి మొదలుపెట్టినవాళ్లే. డ్రిల్ గురించిన గందరగోళం చాలావరకు ఇక్కడే పుడుతుంది.

"డ్రిల్ అంటే నీళ్లలోకి దింపుతారా? అమ్మకి ఇప్పటినుంచే టెన్షన్."

నీళ్లలోకి దింపరు. ప్రయాణికులను లైఫ్‌బోటులో కూడా ఎక్కించరు. ప్రమాదం వస్తే మీరు చేరవలసిన చోటును మస్టర్ స్టేషన్ అంటారు. అది ఒక హాలు కావచ్చు, థియేటర్ కావచ్చు, బయట డెక్ మీద లైఫ్‌బోట్ల కింద కావచ్చు. అక్కడికి వెళ్లాలి, లైఫ్‌జాకెట్ ఎలా వేసుకోవాలో చూడాలి, అలారం ఎలా ఉంటుందో వినాలి. అంతే. ఈత వచ్చా రాదా అని ఎవరూ అడగరు.

అమ్మకు లైఫ్‌జాకెట్ అంటేనే బెరుకు ఉంటే, బయలుదేరే ముందు ఒకరోజు రంభ తీసుకెళ్లి చిలికాలో పడవ ఎక్కించండి. అక్కడి జాకెట్ రకం వేరే కావచ్చు. అయినా ఒంటిమీద బిగించుకుంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

"బయలుదేరకముందే మునిగే మాటలు అపశకునం అంటోంది మా అత్తయ్య. ఏం చెప్పాలి?"

ఆవిడకు 2013 అక్టోబరు 12 గుర్తు చేయండి. ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. గాలి మొదలుకాక ముందే ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ఇళ్లలోంచి తరలించారు. షెల్టర్ ఎక్కడో, ఎవరు ఎటు వెళ్లాలో ముందే అనుకుని ఉండబట్టే, అంత పెద్ద తుఫానులోనూ ప్రాణనష్టం వేలకు చేరలేదు. 1999లో అదే రాష్ట్రంలో సూపర్ సైక్లోన్‌కు దాదాపు పదివేల మంది పోయారు.

మన గంజాం తీరంలోని వెంకట్రాయిపూర్ ఊరినే చూడండి. సునామీ వస్తే ఏ దారిన పోవాలో ఊరంతా సాధన చేసింది. 2020లో యునెస్కో దాన్ని సునామీకి సిద్ధంగా ఉన్న ఊరుగా గుర్తించింది. ఆ ఊరివాళ్లు సునామీని పిలుచుకోవడానికి సాధన చెయ్యలేదు కదా. ఓడలో చేసేదీ అదే పని. అత్తయ్య గారికి ఇలా చెబితే అర్థమవుతుంది. తుఫాను రాత్రులు ఆవిడ మనకన్నా ఎక్కువే చూసి ఉంటారు.

"ఈ రూలు కంపెనీదా, ప్రభుత్వానిదా?"

మూలం అంతర్జాతీయ ఒప్పందం. దాని పేరు సోలాస్. సముద్రం మీద ప్రాణరక్షణ కోసం దేశాలన్నీ కలిసి చేసుకున్నది. 1912లో టైటానిక్ మునిగాక 1914లో మొదటి ఒప్పందం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 1974 నాటిది, ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తున్నారు. భారతదేశం కూడా ఇందులో ఉంది.

డ్రిల్ విషయంలో పెద్ద మార్పు ఒక ప్రమాదం వల్ల వచ్చింది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలోని జిల్యో దీవి దగ్గర కోస్టా కంకార్డియా అనే ఓడ రాతిని గుద్దుకుని ఒరిగిపోయింది. ఓడలో 4,229 మంది ఉన్నారు. 32 మంది చనిపోయారు. ఆ ఓడ ఒక్కో పోర్టులో కొంతమందిని ఎక్కించుకుంటూ తిరిగేది. ఆ సాయంత్రమే చివితవెక్కియాలో ఎక్కినవాళ్లకు ఇంకా డ్రిల్ జరగలేదు, మర్నాటికి పెట్టుకున్నారు. అప్పటి రూలు ప్రకారం అది తప్పు కాదు. ఎక్కిన 24 గంటల్లోపు పెడితే చాలనేది అప్పటి మాట. ఎక్కిన కొద్ది గంటలకే ప్రమాదం జరిగింది. గుద్దుకున్నాక గంట దాటితే గానీ ఓడ వదలమనే ఆదేశం రాలేదు. ఏ మెట్లు ఎక్కాలో, ఎటు పోవాలో తెలియని మనుషులు ఆ గంట ఎలా గడిపి ఉంటారో ఊహించండి.

ఆ తరవాత రూలు మార్చారు. 2015 జనవరి 1 నుంచి, 24 గంటలకు మించి ఓడలో ఉండే ప్రయాణమైతే, కొత్తగా ఎక్కిన ప్రయాణికులకు ఓడ బయలుదేరే ముందు గానీ, బయలుదేరిన వెంటనే గానీ డ్రిల్ జరగాలి. మర్నాడు కుదరదు.

"అయితే రెండో ట్రిప్పులో మేం కొత్తగా ఎక్కినవాళ్లం కాదు కదా. మాకు అక్కర్లేదా?"

అందరూ అడిగే ప్రశ్న ఇదే. ఒప్పందం అడిగేది కొత్తగా ఎక్కినవాళ్ల గురించి. ఓడలోనే ఉండిపోయినవాళ్లను మళ్లీ పిలవాలా వద్దా అన్నది ఆచరణలో కంపెనీ, ఓడ కెప్టెన్ నిర్ణయించుకుంటారు. అందుకే ఒక ఓడలో "మీరు మొదటి ట్రిప్పులో చేశారు, చాలు" అంటారు, ఇంకో ఓడలో "ప్రతి ట్రిప్పుకీ రావాల్సిందే" అంటారు. ఇద్దరూ రూలు పాటిస్తున్నవాళ్లే. కంపెనీ రూలు ఒప్పందం కన్నా గట్టిగా ఉండొచ్చు, మెత్తగా మాత్రం ఉండకూడదు.

మళ్లీ పిలిచే ఓడలకు ఒక కారణం ఉంది. ప్రతి ట్రిప్పుకీ ప్రయాణికుల జాబితా కొత్తగా తయారవుతుంది. ఏ స్టేషన్‌లో ఎంతమంది ఉండాలో ఆ జాబితాను బట్టే లెక్క. ప్రమాదం రోజున అక్కడి సిబ్బంది చేతిలో ఉండేది ఆ కాగితమే. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరిని వెతకడానికి మనిషిని పంపాలి అని దాన్ని చూసే తేలుస్తారు.

నేను అందరికీ చెప్పేది ఇది: పిలిస్తే వాదించకుండా వెళ్లండి. పిలవకపోతే మీ అంతట మీరే ఒకసారి స్టేషన్ దాకా నడిచి రండి.

"రెండు వారాలూ కలిపి ఒకే టికెట్‌గా కొంటే డ్రిల్ ఒక్కసారే ఉంటుందా?"

ఒకే బుకింగ్ అయితే మీరు మధ్యలో కొత్తగా ఎక్కినట్టు కాదు కాబట్టి ఒక్కసారితో సరిపెట్టే ఓడలు ఉన్నాయి. మధ్య పోర్టులో ఇంకొందరు ఎక్కినప్పుడు అందరినీ మళ్లీ పిలిచేవీ ఉన్నాయి. డ్రిల్ తప్పించుకోవడానికే ఇలా టికెట్ కొనాలనుకుంటే మాత్రం వద్దు. టికెట్ నిర్ణయం ధర చూసి, తేదీలు చూసి చేసుకోండి.

"అమ్మకి మోకాళ్లు పనిచెయ్యవు, వీల్‌చెయిర్ కావాలి. ఓడ ఎక్కాక చెబితే చాలదా?"

బుకింగ్ అప్పుడే చెప్పండి. రెండు బుకింగ్‌లలోనూ విడివిడిగా చెప్పండి. ఈ రెండో మాటే చాలామంది మరిచిపోతారు. ప్రమాదంలో సాయం కావాలని చెప్పుకున్న ప్రయాణికుల వివరాలు రాసి, ఓడ కదిలేలోపు కెప్టెన్‌కు అందించాలని సోలాస్ చెబుతుంది. మొదటి బుకింగ్‌లో రాసింది రెండోదానిలోకి దానంతట అదే వస్తుందని అనుకోకండి.

అలారం మోగాక లిఫ్టులు వాడకూడదు. నడవలేనివాళ్లను మెట్ల మీదుగా దించడానికి ప్రత్యేకమైన కుర్చీలు, శిక్షణ ఉన్న మనుషులు ఓడలో ఉంటారు. వాళ్లు మీ క్యాబిన్‌కు రావాలంటే మీ పేరు వాళ్ల జాబితాలో ఉండాలి.

"నాన్నగారికి వినబడదు. రాత్రి మిషన్ తీసి పడుకుంటారు."

అలారం మోగితే లైటు వెలిగే పరికరం, దిండు కింద కదిలే పరికరం చాలా కంపెనీలు ఇస్తాయి. ముందుగా అడగాలి. ట్రిప్పు మారినప్పుడు క్యాబిన్ కూడా మారితే, పరికరం కొత్త క్యాబిన్‌లో పెట్టారో లేదో ఆ రాత్రి పడుకునేలోపే చూసుకోండి.

## మొదటి రోజు, ఓడ ఎక్కాక

"రైలు, విమానం దిగి ఒళ్లు హూనమై ఉంటుంది. డ్రిల్ మర్నాడు పెట్టుకోవచ్చా?"

కుదరదు. ఓడ కదిలే వేళకే జరగాలి. బరంపురం నుంచి విశాఖకో భువనేశ్వర్‌కో రైలు, అక్కడినుంచి విమానం, మళ్లీ పోర్టుకు కారు. ఇదంతా ఒకే ఊపులో చేసి ఓడ ఎక్కితే పెద్దవాళ్లు డ్రిల్ వేళకు కళ్లు మూసుకుపోయి కూర్చుంటారు. వీలైతే ఒకరోజు ముందే ఆ ఊరు చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు కాబట్టి ఆ భయమూ తీరుతుంది.

"ఫోన్‌లో వీడియో చూసేశాం. అయిపోయినట్టేనా?"

సగం అయింది. కోవిడ్ రోజుల్లో, 2020లో, రాయల్ కరీబియన్ సంస్థ ఈ కొత్త పద్ధతి ప్రకటించింది. అందరినీ ఒకేసారి పోగుచేయకుండా, ఎవరికి వాళ్లు ఫోన్‌లోనో క్యాబిన్ టీవీలోనో వీడియో చూసి, తరవాత తమ స్టేషన్‌కు వెళ్లి కార్డు స్కాన్ చేయించుకోవాలి. తరవాత చాలా కంపెనీలు ఇదే దారిలోకి వచ్చాయి. స్టేషన్‌కు వెళ్లకపోతే మీ పేరు పెండింగ్‌లోనే ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా ఫరవాలేదు, టీవీ చాలు.

కొన్ని ఓడల్లో ఇంకా పాత పద్ధతే ఉంది. అలారం మోగిస్తారు, అందరూ ఒకే వేళకు స్టేషన్‌లో నిలబడతారు, సిబ్బంది జాకెట్ వేసి చూపిస్తారు. యువతకు కొత్త పద్ధతి సుఖమే గానీ, పెద్దవాళ్లకు పాతదే మేలని నా అభిప్రాయం. పదిమందితో కలిసి ఆ శబ్దం విని, ఆ మెట్లు దిగితే మనసులో నిలుస్తుంది. వీడియో అయితే మాటలు అర్థం కాకపోయినా చివరిదాకా కదిలిపోతూ ఉంటుంది.

"మా వారు ఇద్దరి కార్డులూ తీసుకెళ్లి స్కాన్ చేయించుకొస్తే పోదా?"

వద్దు. సిబ్బంది ఒప్పుకోరు. ఒప్పుకున్నా మీరు చెయ్యకూడదు. ప్రమాదం జరిగే సమయానికి ఆయన పైడెక్ మీద టీ తాగుతూ, మీరు క్యాబిన్‌లో ఒంటరిగా ఉండొచ్చు. దారి మీ కాళ్లకు తెలియాలి.

"నాకు తెలుగు, ఒడియా తప్ప రావు. ఇంగ్లీషులో చెప్పేది ఎలా అర్థం చేసుకోవాలి?"

ప్రయాణికులకు అర్థమయ్యే అవకాశం ఉన్న భాషల్లో ప్రకటనలు చెయ్యాలని రూలు ఉంది. కానీ విదేశీ ఓడలో తెలుగు వినబడుతుందని ఆశ పెట్టుకోకండి. ఈ బాధ్యత వెంట ఉన్న పిల్లలు తీసుకోవాలి. ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఏదని అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

పిల్లలూ, మీరు చెయ్యవలసింది ఇది. అమ్మానాన్నలను వాళ్ల క్యాబిన్ తలుపు దగ్గర నిలబెట్టండి. తలుపు వెనక అతికించిన పటం చూపించండి. అక్కడినుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులు దాటాలో వాళ్ల చేతే లెక్కపెట్టించండి. పొగ కమ్మితే కళ్లు పనిచెయ్యవు, గోడ తడుముకుంటూ తలుపులు లెక్కపెట్టుకుంటూ పోవాలి. నేల దగ్గరగా దారి చూపించే వెలుగు గీతలు ఉంటాయి, వంగి చూపించండి. తరవాత లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా స్టేషన్ దాకా నడిపించండి. భోజనాల హాలు నుంచి కూడా ఇంకోసారి నడిపించండి, పెద్దవాళ్లు పగలు ఎక్కువసేపు ఉండేది అక్కడే.

ఒక చిన్న కాగితం మీద క్యాబిన్ నంబరు, డెక్ నంబరు, స్టేషన్ అక్షరం రాసి చేతిసంచిలో పెట్టండి. ఆ అక్షరం కార్డు మీద ఎలా ఉందో అలాగే ఇంగ్లీషులో రాయండి. కాగితం చూపిస్తే దారి చెప్పే సిబ్బంది తెలుగు చదవలేరు. కింద మీకోసం తెలుగులో గుర్తులు రాసుకోవచ్చు: "ఎడమకు తిరిగి, పెద్ద బొమ్మ దగ్గర మెట్లు దిగాలి" అని.

"అలారం ఎలా ఉంటుంది? మోగగానే ఓడ దిగిపోవాలా?"

ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ చిన్న కూతలు, వెంటనే ఒక పొడుగు కూత. ఓడ ఈలతోనూ గంటలతోనూ ఇదే వరస వినిపిస్తారు. దీని అర్థం "మీ స్టేషన్‌కు రండి" అని మాత్రమే. ఓడ వదిలిపెట్టమని కాదు. ఆ మాట కెప్టెన్ నుంచే రావాలి. చాలాసార్లు ప్రయాణికులను స్టేషన్‌లో కూర్చోబెట్టి, సమస్య తీరాక మళ్లీ క్యాబిన్‌లకు పంపిస్తారు.

"మా క్యాబిన్ ఒక డెక్‌లో, పిల్లలది ఇంకో డెక్‌లో. స్టేషన్లు వేరే వచ్చాయి."

స్టేషన్ క్యాబిన్‌ను బట్టి ఇస్తారు కాబట్టి ఇలా జరుగుతుంది. భాష రాని పెద్దవాళ్లు ఉన్నారని గెస్ట్ సర్వీసెస్ డెస్క్‌లో చెప్పి, అందరికీ ఒకే స్టేషన్ ఇవ్వగలరేమో మొదటి రోజే అడగండి. కుదరదంటే ఎవరి స్టేషన్ వాళ్లదే. అలారం వేళ ఒకరినొకరు వెతుక్కుంటూ మెట్లకు ఎదురెక్కకండి.

"మనవడు పిల్లల క్లబ్బులో ఉండగా అలారం మోగితే? వాణ్ని తెచ్చుకోవద్దా?"

క్లబ్బులో చేర్చే రోజే అక్కడివాళ్లను అడిగి తెలుసుకోండి: మీరే పిల్లాణ్ని మా స్టేషన్‌కు తెస్తారా, మేం రావాలా అని. చాలా ఓడల్లో చిన్నపిల్లల చేతికి స్టేషన్ అక్షరం ఉన్న పట్టీ కడతారు, సిబ్బంది దాన్ని చూసే పిల్లల్ని చేరుస్తారు. స్నానానికి కూడా ఆ పట్టీ తీయకండి. రెండో ట్రిప్పుకు పట్టీ మార్చాలి.

"క్యాబిన్ అంతా వెతికాం, లైఫ్‌జాకెట్ కనబడలేదు."

కొత్త పెద్ద ఓడలు చాలావాటిలో జాకెట్లు స్టేషన్ దగ్గరే ఉంచుతారు. మీ ఓడలో ఎక్కడో క్యాబిన్ చూసే అతన్ని అడగండి. ఎక్కడ ఉన్నా సరే, ఓడలో ఉన్న మనుషుల సంఖ్య కన్నా ఎక్కువే ఉంటాయి.

"చీర మీద జాకెట్ వేసుకోవడం కుదురుతుందా?"

కుదురుతుంది. ముందు పైట చుట్టి నడుము దగ్గర గట్టిగా దోపుకోండి, ఆ పైన జాకెట్, ఆ తరవాత బెల్టు బిగించాలి. పైట జాకెట్ బయట వేలాడితే మెట్ల మీద కాలికి పడుతుంది. ప్రయాణం రోజుల్లో రాత్రిపూట చుడీదార్ వేసుకునేవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు మంచం పక్కనే పెట్టుకోండి. జాకెట్ చేతిలో పట్టుకుని వెళ్లమంటే, దాని బెల్టులు నేలమీద ఈడ్చకుండా చుట్టి పట్టుకోండి. వెనకవాళ్లు వాటిమీద కాలు వేసి పడతారు.

"వెళ్లకపోతే ఏం చేస్తారు?"

పేర్లు మైకులో పిలుస్తారు, క్యాబిన్‌కు ఫోన్ చేస్తారు, విడిగా ఇంకోసారి రమ్మంటారు. మొండికేస్తే ఓడ నుంచి దింపేసే అధికారం కెప్టెన్‌కు ఉంది.

## ట్రిప్పు మారే రోజు

"ఆ రోజు మేం కూడా ఓడ దిగాలా?"

పోర్టును బట్టి ఉంటుంది. అమెరికా పోర్టుల్లో ఇమిగ్రేషన్ కోసం ఓడ మొత్తం ఒకసారి ఖాళీ కావాలి. ఉండిపోయేవాళ్లను ఒక హాలులో పోగుచేసి, కలిపి దించి, పాస్‌పోర్టులు చూపించి మళ్లీ ఎక్కిస్తారు. ముందురోజు సాయంత్రం క్యాబిన్‌లో ఒక కాగితం పెడతారు. ఎక్కడ, ఎన్ని గంటలకు కలవాలో అందులో ఉంటుంది. రెండో ట్రిప్పుకు డ్రిల్ ఉందా లేదా అని అడగడానికి అదే మంచి సమయం. పాస్‌పోర్టు, బీపీ, షుగర్ మాత్రలు ఆ ఉదయం మీ చేతిసంచిలోనే ఉండాలి.

"ఓడ పోర్టులో ఆగి ఉంది, మేం క్యాబిన్‌లోనే ఉన్నాం. ఉన్నట్టుండి అలారం మోగింది. గుండె ఆగినంత పనైంది."

అది సిబ్బంది డ్రిల్ అయి ఉండొచ్చు. ప్రయాణికుల ఓడల్లో సిబ్బంది ప్రతివారం అగ్నిప్రమాదం డ్రిల్, ఓడ వదిలే డ్రిల్ చెయ్యాలి. ప్రయాణికులు ఊళ్లోకి దిగిన వేళ చూసి వాటిని పెట్టుకుంటారు. ఇది సిబ్బందికి మాత్రమేనని అలారం మోగే ముందు మైకులో చెబుతారు. వరసగా రెండు ట్రిప్పులు ఉండేవాళ్ల చెవిన ఇది ఒకటికి రెండుసార్లు పడుతుంది. మైకులో ఏం చెప్పారో అర్థం కాకపోతే మాత్రం ఇదీ డ్రిల్లే అనుకుని పడుకోకండి. తలుపు తీసి, కనిపించిన సిబ్బందిని అడగండి.

"క్యాబిన్ మారింది. స్టేషన్ కూడా మారుతుందా?"

మారే అవకాశం చాలా ఎక్కువ. ఓడ ముందువైపు నుంచి వెనకవైపుకో, ఎడమ నుంచి కుడికో మారితే మెట్లు కూడా వేరే అవుతాయి. వారం రోజులు ఒక దారికి అలవాటు పడ్డ కాళ్లు, అర్ధరాత్రి నిద్రలోంచి లేస్తే పాత దారినే పోతాయి. కాబట్టి క్యాబిన్ మారిన సాయంత్రమే, ఎవరూ పిలవకపోయినా, కొత్త తలుపు దగ్గరనుంచి కొత్త స్టేషన్ దాకా నడిచి రండి. పాత కార్డు పర్సులోంచి తీసెయ్యండి. దానిమీద పాత అక్షరం ఉంటుంది.

"క్యాబిన్ అదే, కార్డు మాత్రం కొత్తది ఇచ్చారు."

కొత్త కార్డు మీద స్టేషన్ అక్షరం చూడండి. అదే అయితే మంచిది. వేరే అయితే కార్డు మాటే ఖాయం.

"ఏడాది పిల్లకి మొదటి ట్రిప్పులో చిన్న జాకెట్ తెచ్చి ఇచ్చారు. కొత్త క్యాబిన్‌లో లేదు."

వెంటనే అడగండి, తెచ్చిస్తారు. ఒక రోజుకు మించిన ప్రయాణంలో ఓడలో ఉన్న ప్రతి పసిబిడ్డకూ ఒక జాకెట్ ఉండాలని రూలు. పాత క్యాబిన్‌లో ఇచ్చింది మీ సామాన్లతో పాటు వస్తుందని అనుకోకండి.

## రెండో ట్రిప్పు మొదలయ్యాక

"మళ్లీ రమ్మన్నారు. వీడియో కూడా మళ్లీ చూడాలా?"

ఓడ యాప్‌లో రెండో బుకింగ్ కింద వీడియో పెండింగ్‌లో చూపిస్తే చూడాలి. కొన్ని ఓడల్లో స్టేషన్‌కు వెళ్లి కార్డు స్కాన్ చేయించుకుంటే చాలంటారు. పెద్దగా సమయం పట్టదు. మొదటి రోజు హడావిడిలో సరిగా వినని మాటలు ఈసారి తీరిగ్గా వినొచ్చు. జాకెట్ బెల్టు ఎటు తిప్పాలి, నడవలేనివాళ్లు ఎక్కడ ఆగాలి, ఈ రెండూ అడగండి.

"డెస్క్‌లో అడిగితే మీకు అక్కర్లేదన్నారు. నమ్మొచ్చా?"

నమ్మొచ్చు, కానీ ఒకసారి ఖాయం చేసుకోండి: "ఈ ట్రిప్పు జాబితాలో మా పేర్ల దగ్గర డ్రిల్ పూర్తయినట్టే ఉందా?" అని. లేదంటే సాయంత్రం ఓడ కదిలే వేళకు మీ పేరు మైకులో వినబడుతుంది. మొదటి ట్రిప్పులో మీరు జ్వరంతోనో వాంతులతోనో డ్రిల్ సరిగా చేయలేకపోయి ఉంటే, అక్కర్లేదన్నా సరే వెళ్లండి. వస్తానన్న మనిషిని ఎవరూ వద్దనరు.

"రెండో ట్రిప్పు అదే కంపెనీది, వేరే ఓడ. మెట్లు, హాళ్లు అన్నీ ఒకేలా ఉన్నాయి."

ఓడ మారితే మీరు కచ్చితంగా కొత్తగా ఎక్కినవాళ్లే. డ్రిల్ తప్పదు.

"మా ఓడ దారిలో ప్రతి పోర్టులో జనాన్ని ఎక్కించుకుంటోంది. రోజూ ఎవరికో డ్రిల్. మమ్మల్ని పిలవరేం?"

మధ్యధరా సముద్రంలో తిరిగే కొన్ని ఓడలు ఇలాగే నడుస్తాయి. ఏ పోర్టులో ఎక్కినవాళ్లకు ఆ పోర్టు దగ్గరే డ్రిల్ చేయిస్తారు, ముందే చేసినవాళ్లను వదిలేస్తారు. మీరు మొదటి పోర్టులో చేసి ఉంటే సరే. అలారం వినబడ్డప్పుడల్లా "ఇది మనకు కాదులే" అనే అలవాటు మాత్రం రానివ్వకండి, మైకులో ఎవరిని పిలుస్తున్నారో వినండి.

"విశాఖ నుంచో చెన్నై నుంచో వెళ్లే చిన్న ట్రిప్పులకు కూడా ఇదంతా ఉంటుందా?"

ఉంటుంది. 2022లో కార్డేలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖ నుంచి తిరిగింది, 2023లో అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభించారు. ఇలాంటి ఓడల్లో రెండు, మూడు రాత్రుల ట్రిప్పు అయినా డ్రిల్ జరుగుతుంది. ట్రిప్పులు చిన్నవి కాబట్టి రెండు కలిపి తీసుకునేవాళ్లకు రెండో డ్రిల్ మరీ తొందరగా వచ్చినట్టు అనిపిస్తుంది. అయినా వెళ్లండి. మనవైపు నుంచి మొదటిసారి క్రూజ్ ఎక్కేవాళ్లకు ఈ ఓడల్లో ఒక సౌకర్యం ఉంది: హిందీ మాట్లాడే సిబ్బంది దొరుకుతారు, అర్థం కానిది అడిగి తెలుసుకోవచ్చు.

"రెండో ట్రిప్పులో అర్ధరాత్రి నిజంగానే అలారం మోగితే మొదట ఏం చెయ్యాలి?"

లైటు వేయండి. చెప్పులు, కళ్లద్దాలు, మాత్రల సంచి, ఒంటిమీద వెచ్చని గుడ్డ, క్యాబిన్‌లో ఉంటే జాకెట్, ఇప్పటి కార్డు తీసుకోండి. నగలు, సూట్‌కేసు వదిలేయండి. కార్డు మీద ఉన్న స్టేషన్‌కు మెట్ల మీదుగా వెళ్లండి. దారిలో పొగ ఉంటే వంగి, ఇంకో మెట్ల వైపు తిరగండి. అలారం మోగినప్పుడు క్యాబిన్‌కు దూరంగా ఉంటే, మాత్రల కోసమో జాకెట్ కోసమో వెనక్కి పరుగెత్తకుండా నేరుగా స్టేషన్‌కు వెళ్లండి. జాకెట్ అక్కడ ఇస్తారు. స్టేషన్‌లో మీ పేరు నమోదు అయ్యేదాకా కదలకండి. మీవాళ్లు ఇంకా రాలేదని సిబ్బందికి చెప్పండి, వెతకడం వాళ్ల పని.

"మేం పాతవాళ్లమని కొత్తగా ఎక్కినవాళ్లు మమ్మల్నే దారి అడుగుతున్నారు. చెప్పొచ్చా?"

మెట్లు ఎక్కడున్నాయో, భోజనాల హాలు ఎటో చెప్పండి. స్టేషన్ మాత్రం వాళ్ల కార్డు చూసి చెప్పండి, మీది ఏదో అదే వాళ్లదీ అనుకోకండి. అక్షరం అర్థం కాకపోతే సిబ్బంది దగ్గరికి పంపండి. వాళ్లు తెలుగువాళ్లైతే, వెంట పిల్లలు లేకపోతే, డ్రిల్ వేళకు వాళ్ల పక్కన నిలబడి చెప్పేదంతా తెలుగులో చెప్పండి.